పాలు పొంగిన ఇంట్లో పాలు తాగని మేనకోడలు

ఊరెళ్ళొచ్చి వారం కూడా కాలేదు, బ్యాగులో బట్టలు ఇంకా అలాగే ఉన్నాయి, మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. టిక్కెట్ల గొడవలు, రైలు ఆలస్యాలు వదిలేస్తున్నా. వెళ్ళింది ఒడిశాలోని బరంపురంలో మా చిన్నమామయ్య కొత్తింటి గృహప్రవేశానికి, అక్కణ్ణుంచి చంద్రగిరి మీదుగా పర్లాకిమిడికి. తోడు మా పెద్దమ్మ. ఆవిడ పుట్టిందీ, ఐదో తరగతిదాకా చదివిందీ పర్లాకిమిడిలోనే. ఇక నా సంగతి. నేను వీగన్‌ని. మాంసం, చేప, గుడ్డు సరేసరి, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా తినను, పట్టు కట్టను, తోలు చెప్పులు వేసుకోను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ప్రయాణంలో నేను ఊళ్ళని చూసినదానికంటే జనం నన్ను చూసిందే ఎక్కువ.

కార్తిక పున్నమి మర్నాడు, బరంపురం

మేం దిగేసరికి పున్నమి వెళ్ళిపోయింది. ముందురోజు తెల్లవారుజామున ఒడియావాళ్ళు చెరువులో వదిలిన బుల్లి పడవలు ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉన్నాయి, అరటిదొప్పవి కొన్ని, థర్మోకోల్‌వి కొన్ని. బొయిత బందాణ అంటారు, పూర్వం ఇక్కడి వర్తకులు ఓడలెక్కి సముద్రం దాటి వెళ్ళిన రోజుల గుర్తుగా చేసే పండగ. ఆటోలో వెళ్తుంటే మటన్ కొట్ల ముందు మైలు పొడుగు క్యూలు. ఏమిటీ జనం అంటే డ్రైవరు ‘ఇవాళ ఛడఖాయి కదమ్మా’ అన్నాడు. నెలంతా నీచు ముట్టకుండా ఉండి, పున్నమి దాటగానే కసితీరా తినే రోజన్నమాట. ఒడియా లెక్కలో నెల పున్నమితో అయిపోతుంది, మన లెక్కలో అమావాస్యదాకా ఉంటుంది. అందుకని పక్కింట్లో మసాలా ఘుమఘుమలాడుతుంటే, మామయ్య ఇంట్లో పెద్దమ్మ ఉల్లిపాయ కూడా వెయ్యని బీరకాయ కూర చేసుకుంటోంది. పక్కింటి ఒడియా ఆవిడ వచ్చి భోజనానికి పిలిచింది. అత్త ‘మాకింకా పదిహేను రోజులుంది’ అంది. ఆవిడ వెంటనే చెంపలేసుకుని వెళ్ళిపోయింది. మారు ప్రశ్న లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెబుతాను.

మధ్యాహ్నం అత్త నన్నూ పెద్దమ్మనీ పట్టుచీరలు నేసే వాళ్ళింటికి తీసుకెళ్ళింది. బరంపురం పట్టంటే పేరున్న పట్టు, జీఐ గుర్తింపు కూడా ఉంది, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకమైన సరుకేనన్న అధికారిక ముద్ర. అంచులో గుడి గోపురాల్లా మెట్లు మెట్లుగా లేచే ఫోడా పనితనం వీటి ప్రత్యేకత. చూడ్డానికి నిజంగా బావుంటాయి, ఆ మాట దాచను. మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన మాతో తెలుగులోనే మాట్లాడాడు, కాళ్ళతో తొక్కుతూనే. అత్త అప్పటికే ఇద్దరు ఆడపడుచులకీ చెరో చీర తీసిపెట్టించింది. ఒకటి పెద్దమ్మకి, రెండోది మా అమ్మకి. అమ్మ లేదు కాబట్టి ఆ వంతు నాది. ఒక్కోటి తొమ్మిది వేల ఎనిమిది వందలు.

పట్టు కట్టనని అత్తకి ఫోన్లోనే చెప్పాను. ఆవిడ విన్నది కానీ నమ్మలేదు. బొమ్కాయ్ నూలు చీర ఇప్పించు అత్తా, ఆ బొమ్కాయ్ ఊరు ఈ జిల్లాలోదేగా అన్నాను. ‘శుభకార్యంలో నూలుచీర పెట్టానంటే ఇంక నేను బంధువుల నోళ్ళలో నానాలి’ అంది. నేతాయన ఎందుకమ్మా అనడిగితే చెప్పాను. పట్టుకాయల్ని లోపల పురుగు ఉండగానే వేడినీళ్ళలో వేస్తారు, అది సీతాకోకలాంటి చిలకై బయటికొస్తే కాయకి కన్నం పడి దారం తెగిపోతుంది కాబట్టి. ఒక చీరకి అలాంటివి వేలల్లో. ఆయనేం కోప్పడలేదు. ‘పట్టుదారం బెంగళూరు నుంచి వస్తది, పురుగుని నేనెప్పుడూ కళ్ళజూళ్ళేదు’ అని మళ్ళీ పనిలో పడ్డాడు.

తొమ్మిదో తరగతి చదివే మామయ్య కూతురు ఫోనులో వెతికి ‘అహింసా పట్టని ఉందంట కదా వదినా’ అంది. ఉంది. హైదరాబాదుకి చెందిన కుసుమ రాజయ్యగారు తయారుచేసిన పద్ధతి, చిలకల్ని బయటికి పోనిచ్చి, తర్వాత ఆ కాయల నుంచి దారం తీస్తారు. కానీ తరతరాలుగా పెంపకంలో ఉన్న ఆ చిలకలకి ఎగరడం కూడా రాదు. నేను అదీ కట్టనని చెప్పాను. పిల్ల ఆలోచనలో పడింది, అత్త ముఖం ముడుచుకుంది. సాయంత్రం పిల్లా నేనూ బజారెళ్ళి గుప్‌చుప్, అదే మన పానీపూరీ, తిన్నాం, ఇరవై రూపాయలకి ఎనిమిదో తొమ్మిదో ఇచ్చాడు. ఒడిశాలో వీగన్లకి దిక్కెవరంటే గుప్‌చుప్ బండివాడే. బఠానీ, బంగాళాదుంప, చింతపండు నీళ్ళు, అంతే.

బహుళ తదియ, గృహప్రవేశం

తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం. ముందు ఆవూ దూడా ఇంట్లో అడుగుపెట్టాలి. అద్దె ఆవు, పదిహేను వందలు. ఆవుకి కొమ్ములకి పసుపు, మెడలో బంతిపూల దండ. దూడకి బొట్టు పెట్టడానికి వంగితే, మూతికి తాటితో అల్లిన చిక్కం కట్టి ఉంది. పాలు తాగేస్తుందని. నున్నటి కొత్త టైల్స్ మీద దాని గిట్టలు జారుతున్నాయి, తల్లి పొదుగు వైపు మెడ చాచి చిక్కంతోనే పొడుస్తోంది. చుట్టూ అందరూ దండాలు పెడుతున్నారు. ఆ ఇంట్లో నాకు మాటలు వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయిన క్షణం అదొక్కటే, కానీ అప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు.

తర్వాత పాలు పొంగించడం. ఇది ఆడపడుచు చెయ్యాలి. మామయ్య నా దగ్గరికొచ్చి ‘మీ అమ్మ ఉంటే అదే పోసేది. దాని చేత్తో జరిగినట్టు ఉంటుంది, నువ్వు పొయ్యవే’ అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. ఇరవైమంది బంధువులు, పంతులుగారు, వీడియో తీసే కుర్రాడు, అందరూ నావైపే. తోటి వీగన్లకి చెబుతున్నా, మీ ముందు మటన్ ముక్క పెట్టి బలవంతం చేసేవాళ్ళు ఎవరూ ఇంత కష్టపెట్టరు. నేను పొయ్యి వెలిగిస్తాను మామయ్యా, పాలు పెద్దమ్మ పోస్తుంది అన్నాను. అలాగే చేశాం. అక్కడ గీత గియ్యడం సరైందేనా అని మీరు అడగొచ్చు, పొయ్యి వెలిగించడం కూడా తప్పేననే వాళ్ళుంటారు. నా మటుకు నేను వాళ్ళ పూజ ఆపడానికి రాలేదు, నా చేత్తో చెయ్యనని మాత్రమే చెప్పగలను.

పరమాన్నం దొన్నెల్లో పంచుతుంటే నా దగ్గర ఆగింది బండి. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది: ‘దానికి పాలు పడవండీ, ఒళ్ళంతా దద్దుర్లు.’ అంతే, అందరి మొహాల్లో జాలి. అయ్యో పాపం అన్నవాళ్ళు, మా చిన్నకోడలికీ ఇంతే అన్నవాళ్ళు, హోమియో మందు చెప్పినవాళ్ళు. ఒకాయన ‘అర సిట్రిజిన్ వేసుకుని తినేస్తే ఏం కాదు’ అని జేబులోంచి స్ట్రిప్ కూడా తీశాడు. పెద్దమ్మ అబద్ధం ఎంత బాగా పనిచేసిందో చూడండి. ఒక్క నిమిషం ఊరుకుంటే హాయిగా పులిహోర తిని బయటపడేదాన్ని. పక్కనే తొమ్మిదో తరగతి పిల్ల నన్నే చూస్తోంది. మొన్న దానికి అంత వివరంగా చెప్పి ఇవాళ దద్దుర్లంటే ఎలా? ‘పడకపోవడం కాదండీ, మానేశాను’ అన్నాను.

జాలి పోయింది, వాదన మొదలైంది. మరి ఎముకలకి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది, కృష్ణుడు వెన్న తినలేదా, ఇదంతా ఈమధ్య సినిమావాళ్ళు తెచ్చిన ఫ్యాషన్. ఫ్యాషనూ కాదు, ఈమధ్యదీ కాదు, ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి వీగన్ సొసైటీ పెట్టింది 1944లో అంటే, ‘ఇంగ్లీషువాడు చెబితే మన ఆవుపాలు మానేస్తామేటి?’ అన్నారు. నిజానికి ఆ జవాబు చెప్పకుండా ఉంటే పోయేది, మన ఇళ్ళల్లో తేదీలతో ఎవర్నీ ఒప్పించలేం. ఒక రిటైర్డు నర్సమ్మ మాత్రం పనికొచ్చే ప్రశ్న వేసింది, బి12 సంగతేమిటని. మాత్ర వేసుకుంటానండీ, మొక్కల తిండిలో అది సరిగా దొరకదు, ఇది మొండికేసి మానేయకూడని మాత్ర అని చెప్పాను. ఆవిడ తృప్తిపడింది. పెద్దమ్మ వాదనే నాకు కాస్త బరువుగా తోచింది: ‘మా అమ్మ దూడకి వదిలి మిగిలిందే పితికేది.’ నిజమే అయ్యుంటుంది. కానీ ఇవాళ పొంగింది ప్యాకెట్ పాలు పెద్దమ్మా, ఆ దూడలు ఎక్కడున్నాయో నీకూ నాకూ తెలీదు. దూడ పుడితేనే గదా పాలు, పుట్టింది కోడెదూడైతే ట్రాక్టర్లొచ్చాక దాన్ని ఎవరు మేపుతున్నారు? పెద్దమ్మ ‘తినేటప్పుడు ఈ మాటలేటే’ అంది.

భోజనం మాత్రం అద్భుతం. కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, కొత్త చింతకాయ పచ్చడి, ఒడియా వంటాయన చేసిన దాల్మా. పప్పులో, దాల్మాలో నెయ్యి తిరగమోత పడకముందే నాకోసం పక్కకి తీయించింది ఎవరో కాదు, నాతో మాట్లాడ్డం మానేసిన అత్త. చివర్లో పెరుగు వడ్డించే కుర్రాడికి వద్దని చెయ్యి అడ్డుపెడితే, అర్థం చేసుకున్నట్టు తలూపి వెళ్ళి మజ్జిగ తెచ్చాడు. తెలుగువాడి భోజనం పెరుగు లేకుండా ముగియదని ఆ కుర్రాడి నమ్మకం, పాపం వాడి తప్పేముంది.

మర్నాడు సాయంత్రం, గోపాల్‌పూర్

కజిన్స్ అందరం సముద్రానికి. ఇక్కడి జాలర్లు, నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇసకలో వల బాగుచేసుకుంటున్న ముసలమ్మ మా యాస విని ‘ఏ ఊరమ్మా’ అని కూర్చోబెట్టుకుంది. ఈ బ్యాచ్‌లో కార్తికం పట్టింపు ఎవరికీ లేదు, పీతల వేపుడు, రొయ్యలు, బీరు. ‘జలపుష్పాలే కదక్కా, పువ్వనుకుని తినెయ్’ అని ఒకడు, ‘అక్క ఉంటే మూడ్ రాదురా’ అని ఇంకొకడు. నవ్వాను. నేను తినకుండా కూర్చోవడం చూస్తేనే వాళ్ళకి ఇబ్బంది, నేనేం అనకపోయినా సరే. వేరుశనక్కాయలు, కొబ్బరిబోండం నలభై రూపాయలు. దీనిమీద ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

చంద్రగిరి

కారు మూడు వేల ఎనిమిది వందలకి మాట్లాడాం, పర్లాకిమిడిలో దింపేటట్టు. తప్తపాణి దగ్గర గంధకం వాసన వేసే వేడినీళ్ళలో పెద్దమ్మ కాళ్ళు పెట్టుకుని, మోకాళ్ళ నొప్పి తగ్గిందని ప్రకటించింది.

చంద్రగిరిలో 1960ల నుంచి టిబెట్ శరణార్థులున్నారు. కొండల మధ్య మొక్కజొన్న చేలు, రంగురంగుల జెండాలు, జిరంగ్ దగ్గర పెద్ద బౌద్ధ విహారం, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. గజపతి జిల్లాలో ఉన్నామన్నది మరిచిపోతాం. ఆకలేసి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. నడిపేది అరవై దాటిన టిబెటన్ ఆవిడ. నా హిందీ అంతంతమాత్రం, ఆవిడదీ అంతే. మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు అని వేళ్ళు మడుస్తూ చెప్పాను. ఆవిడ ఒక్కసారి తలూపి, థుక్పా అనే నూడుల్స్ సూపు వద్దు, కూరగాయలదైనా నీళ్ళు ఎముకలు ఉడికించినవే అని తనే చెప్పింది. ఆవిరి మీద ఉడికించిన టింగ్మో రొట్టె, ఎండుమిర్చి వేసిన బంగాళాదుంప కూర తెచ్చింది. పెద్దమ్మకి ఉల్లి లేకుండా విడిగా. వెన్నా ఉప్పూ వేసే టీలోంచి వెన్న తీసేసి ఉత్త ఉప్పు టీ ఇచ్చింది, అది మాత్రం రెండు గుక్కలే తాగగలిగాను. ఇద్దరికీ కలిపి నూట అరవై.

ఎందుకు తినవని ఆవిడ అడగలేదు. పరాయి దేశం నుంచి వచ్చినావిడకి నా నియమం తను చెయ్యాల్సిన పని వివరంలా కనిపించింది, మనవాళ్ళకి తమమీద నేను చెబుతున్న తీర్పులా కనిపిస్తోంది. మనవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మనింట్లో పెట్టడమే ప్రేమ, అందుకే వద్దంటే పెట్టినవాళ్ళనే వద్దన్నట్టు గుచ్చుకుంటుంది. కారెక్కాక పెద్దమ్మ ‘ఆవిడ బాగానే విందే నీ మాట’ అంది, కొంచెం ఉడుక్కుంటూనే.

ఉదయగిరి వైపు మలుపు డ్రైవరు దాటేశాడు. రోడ్డు సన్నబడి, మట్టిదారై, ఒక సవర గిరిజనుల పల్లెలో ఆగిపోయింది. పూతకొచ్చిన కంది పోడు, గుమ్మాల ముందు ఆరబోసిన చోళ్ళు, జీలుగు చెట్టుకి వేలాడే కల్లు కుండ. దారి అడిగితే ముందు కూర్చోమన్నారు. ఒక ఇల్లాలు అల్యూమినియం గిన్నెల్లో చోడి అంబలి పోసి, పక్కన ఎండుచేప కాల్చిన పచ్చడి పెట్టింది. పచ్చడి వద్దని సైగ చేస్తే లోపలికెళ్ళి చింతపండూ మిరపకాయా నూరుకొచ్చింది. అంబలిలో మజ్జిగ లేదు, అక్కడ పాడి అన్నదే లేదు. డబ్బు తీసుకోలేదు, డ్రైవరు దగ్గరున్న బిస్కెట్ ప్యాకెట్లు పిల్లలకిచ్చాం.

పర్లాకిమిడి

గిడుగు రామమూర్తిగారు రాజావారి బడిలో పాఠాలు చెప్పిన ఊరు, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన ఊరు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఊరు అటెళ్ళింది, ఏరు దాటితే పాతపట్నం ఇటే ఉండిపోయింది. బజార్లో మాటలు వింటే మాత్రం ఎటున్నామో తెలీదు, ఒక వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో అయిపోతుంది.

కొమ్ము బొమ్మలకి ఈ ఊరు పేరు. గేదె కొమ్ముల్తో కొంగలు, ఓడలు, దువ్వెనలు. పనిచేస్తుంటే చూశాను: కొమ్ముని నిప్పుల మీద కాస్తారు, మెత్తబడగానే పలకల మధ్య నొక్కి చదును చేస్తారు, ఆకురాయితో అరగదీస్తారు. కాలిన వెంట్రుకల వాసన గదంతా. ఆరిన పలకని వెలుగుకెదురుగా పట్టుకుంటే లోపల పొగచారల్లాంటి గీతలు. ‘చచ్చిన గొడ్డు కొమ్మేనమ్మా, దీనికోసం చంపింది కాదు’ అన్నాడాయన, నేను అడక్కుండానే. దీనికి నా దగ్గర మగ్గం దగ్గర చెప్పినంత గట్టి జవాబు లేదు. పురుగుని చంపితేనే మామూలు పట్టు, కొమ్ము అలా కాదు. అయినా కొనలేదు, ఒక ప్రాణి ఒంటిమీది వస్తువుని షోకేసులో పెట్టుకోవాలనిపించదు, ఆయన చేతిపని ఎంత గొప్పదైనా. పెద్దమ్మ నూట ఇరవై పెట్టి దువ్వెన కొంది. అది ఆవిడ ఇష్టం.

పెద్దమ్మ పుట్టిన ఇంటి స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టుంది. పక్కింటి ముసలమ్మ మాత్రం ఉంది, ఎనభై దాటాయి, పెద్దమ్మని గొంతు విని గుర్తుపట్టింది. ఆ ఇంట్లో ఇంకా తరవాణి కుండ ఉంది! గంజి పోస్తూ, దబ్బాకులు వేస్తూ పులియబెట్టిన కుండ. నాకు పెరుగు వద్దని తెలిసి, అన్నంలో తరవాణి పోసి, ఉప్పూ వామూ వేసి పెట్టింది. పుల్లగా, చల్లగా, దబ్బాకు వాసనతో. రెండోసారి అడిగి వేయించుకున్నాను. ‘మీ అమ్మమ్మ కాలంలో పెరుగు రోజూ ఎవరికుందే, అందరికీ ఇదే’ అంది. పెద్దమ్మకీ పెట్టబోతే ఆవిడ ‘కార్తికం, చద్ది తినను’ అంది. సరేలే అని ముసలమ్మ కుండ మూత పెట్టేసింది.

‘చూశావా పెద్దమ్మా, నీకు ఒక్క మాటతో అయిపోయింది’ అన్నాను. ఛడఖాయి నాడు పక్కింటావిడ సంగతీ గుర్తుచేశాను. దేవుడి పేరు చెబితే ఎవరూ అడగరు, డాక్టరు పేరు చెప్పినా అడగరు, దూడ పేరు చెబితేనే పంచాయితీ. పెద్దమ్మ ఏం మాట్లాడలేదు, రాత్రి పడుకునేముందు మాత్రం ‘చిక్కం నేనూ చూశానులే’ అంది.

పాతపట్నం

ఏటికివతల బస్టాండులో టెక్కలి బస్సెక్కాం. అత్త ఇంకా ఫోన్ చెయ్యలేదు, నా వంతు చీర పెద్దమ్మ సంచిలో ఉంది, దాన్ని ఏం చెయ్యాలో వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి. పక్క సీట్లో మాస్టారిలా ఉన్న ఒకాయన, భార్యా. బస్సు కదిలేలోపు ఆవిడ డబ్బా తెరిచి కోవా బిళ్ళలు అందరికీ పంచింది. నాకిస్తుంటే పెద్దమ్మ అడ్డుపడింది. మళ్ళీ దద్దుర్ల కథే అనుకున్నాను.

‘అది పాలు మానేసిందండీ. ఎందుకో అదే చెబుతుంది, అడగండి, నాకు ఓపిక లేదు’ అని కిటికీ వైపు తిరిగి నా వంతు బిళ్ళ కూడా నోట్లో వేసుకుంది.

ఆయన నావైపు పూర్తిగా తిరిగి, కళ్ళజోడు సర్దుకుని, ‘అయితే మొక్కలకి ప్రాణం లేదంటారా?’ అన్నాడు. టెక్కలిదాకా అదే.